నేను దిద్దిన ఒక్క మాట

గుడివాడలో నేను పనిచేసిన చోట బోర్డు మీద ఇంకా ‘టైపు ఇన్‌స్టిట్యూట్’ అనే ఉండేది. లోపల టైపు మిషన్లు నాలుగే మిగిలాయి. మిగతా గదిని ప్లైవుడ్ చెక్కలతో అరలుగా విడగొట్టి, అరకో కంప్యూటరు చొప్పున ఐదు పెట్టారు మా మాస్టారు. కొత్త శతాబ్దం మొదలై నాలుగైదేళ్ళయిన రోజులు. ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరు. పరీక్ష ఫలితాలకీ, ఉద్యోగాల దరఖాస్తులకీ జనం మా దగ్గరికే వచ్చేవారు. నేను డిగ్రీ అయ్యాక ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసయ్యి, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక అక్కడే పనికి చేరాను. నా వేళ్ళు చాలా వేగంగా నడిచేవి. ఆ ఒక్క విషయంలో నాకు కొంచెం పొగరుండేది.

ఆయన మొదటిసారి వచ్చింది ఒక ఆషాఢం పొద్దున. తెల్ల చొక్కా, నల్ల గొడుగు, ఒక కంటికి ఆపరేషను అయినట్టు మందపాటి అద్దాలు. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారని తర్వాత చెప్పారు. గుడివాడ నుంచి బందరు, అవనిగడ్డ, కోడూరు వైపు ఆయన ఎక్కని బస్సు లేదు. గుమ్మంలోనే ఆగి అడిగారు.

"అమ్మాయ్, ఈ మిషన్లో మన జిల్లా వాళ్ళంతా చేరి మాట్లాడుకుంటారంట గదా. నేను కూడా రెండు ముక్కలు చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు బాబాయ్ గారూ. టైపు చెయ్యాలి, అంతే."

ఆయన రెండు చేతులూ ముందుకి చాపారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఆఖర్లో వీటితో టిక్కెట్టు చింపడమే కష్టమైపోయింది. నేను చెప్తాను, నువ్వు కొట్టు."

అలా మొదలైంది. కృష్ణా జిల్లా వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి రాసుకునే చర్చా వేదిక ఒకటి ఉండేది. అక్కడ ఎవరూ సొంత పేరుతో రాసేవారు కాదు. మీకేం పేరు పెట్టమంటారని అడిగితే ఆయన నవ్వి, "రైట్ రైట్ అని పెట్టు. ముప్పై ఏళ్ళు అదేగా అరిచింది" అన్నారు.

వారానికి రెండు మూడు పూటలు వచ్చేవారు. కాలవ చివరి పొలాలకి నీళ్ళందకపోవడం, రొయ్యల చెరువుల ఉప్పు పక్క చేలల్లోకి దిగడం, బస్టాండులో ఆడవాళ్ళు పడే ఇబ్బంది, ఇలా ఏదో ఒకటి చెప్పేవారు. ఆయన చెప్పేదంతా తనకి బస్సులో ఎదురైన మనుషుల చుట్టూనే తిరిగేది. అప్పట్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాళ్ళం. ఆయన తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి, కానీ తెరమీద ఆ ఇంగ్లీషు అక్షరాల తెలుగు ఆయనకి కొరుకుడు పడేది కాదు. పంపే ముందు నేనే చదివి వినిపించేదాన్ని.

మొదట్లో ఆయన చెప్పింది చెప్పినట్టే కొట్టాను. తర్వాత, ఒకే సంగతి రెండుసార్లు వస్తే ఒకటి తీసేసేదాన్ని. ఆ తర్వాత వాక్యాలు కూడా సరిచెయ్యడం మొదలుపెట్టాను. ఆయన మాటల్లో ‘అనుకుంటా’, ‘అయ్యుండొచ్చు’, ‘నాకు తెలిసినంతలో’ అన్నవి ఎక్కువ. కళ్ళతో చూడనిదాన్ని చూసినట్టు చెప్పే అలవాటు ఆయనకి లేదు. రాతలో అవి నాకు కాళ్ళకి అడ్డం పడుతున్నట్టుండేవి. ఒక్కొక్కటే తీసేశాను. తిరిగి వినిపించేటప్పుడు మాత్రం ఆయన చెప్పినట్టే, అన్ని అనుకుంటాలతో కలిపి చదివేదాన్ని. నాకు అంతా గుర్తుండేది. అది మోసమని అప్పట్లో నాకు తోచలేదు. చుట్టాలొచ్చే ముందు ఇల్లు సర్దినట్టే అనుకున్నాను.

‘రైట్ రైట్ గారు రాస్తే సూటిగా ఉంటుంది’ అని జనం రాయసాగారు. ఆ సూటిదనం నాది. ఇంటికెళ్ళే దారిలో ఆ మాటలు తల్చుకుని లోలోపల మురిసిపోయేదాన్ని. ఒకసారి ఆయనే, ‘నా చేతులు పనిచెయ్యవు, గుడివాడలో ఒక అమ్మాయి కొట్టి పెడుతుంది, ఆ వేళ్ళకి దణ్ణం పెట్టాలి’ అని నాచేతే రాయించారు.

ఆ వేదికలో ఒకసారి పెద్ద గొడవైంది. ఒకతను ఇంకొకర్ని ఇంటిల్లిపాదినీ కలిపి తిట్టి, ఇది నా స్వేచ్ఛ, నా నోరు మూయించడానికి మీరెవరని రాశాడు. అతన్ని బయటికి పంపాలని కొందరు, పంపకూడదని కొందరు. కండక్టరు గారు ఆ రోజు చాలాసేపు ఆలోచించి చెప్పారు.

"బస్సులో ఎవడైనా ఏదైనా అంటాడు. అననివ్వాలి. నేను ఒక్కణ్ణి కూడా నోరు మూసుకోమన్లేదు. కానీ అక్కడ అన్నవాడి మొహం బస్సులో అందరికీ కనపడుద్ది. వాడు దిగే ఊరు కూడా తెలుసు. ఇక్కడ మొహం లేదు. అందుకని ఇక్కడ ఇంకాస్త చూసుకుని అనాలనుకుంటా."

చివరి ‘అనుకుంటా’ తీసేసి పంపాను. ఆ మాట నా గురించి కూడా అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

ఆ ఏడాది కార్తీకంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. గుడివాడలో రెండు రోజులు ఈదురుగాలి, వాన. దివిసీమలోవి మాత్రం ఉప్పెన చూసిన ఊళ్ళు కనుక ఆకాశం రంగు మారితేనే జనం మూటలు కట్టుకుంటారు. చివరికి తుఫాను మరెక్కడో తీరం దాటింది. వాన తెరిపిచ్చిన రోజు పొద్దున్నే కండక్టరు గారు వచ్చారు. కోడూరులో ఉండే వాళ్ళ చెల్లెలు ఫోను చేసిందట. పాలకాయతిప్ప దగ్గర ఒక చేపలవాళ్ళ పల్లెలో జనమంతా పిల్లల్ని ఎత్తుకుని తుఫాను షెల్టరు దగ్గరికి వెళ్ళారు. స్తంభాల మీద కట్టిన ఆ బిల్డింగులోనే అంగన్‌వాడీ నడుస్తుంది. తాళం చెవి టీచరు దగ్గర ఉంటుంది. టీచరు ఊళ్ళో లేదు. రెండు గంటలు జోరువానలో మెట్ల మీద నిలబడి, చివరికి ఎవరో గునపంతో తాళం పగలగొట్టారు. ఆ తోపులాటలో ఒక ముసలావిడ తడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది.

ఆయన చాలా కోపంగా ఉన్నారు. ఆ కోపంలో కూడా చెప్పింది మాత్రం ఇంతే: తాళం చెవి ఉన్న టీచరు ఆ రోజు ఊళ్ళో లేదు. రెండో చెవి ఎందుకు లేదు? తుఫాను కబురు వచ్చాక చెవి ఎవరి దగ్గరుందో చూడాల్సిన బాధ్యత ఎవరిది? అధికారులు జవాబు చెప్పాలి.

చెప్పడం అయ్యాక టీ తాగుతూ, రోడ్డు వైపు చూస్తూ గొణుక్కున్నారు. "ఏ పెళ్ళికో పేరంటానికో పోయుంటది. ముహూర్తాల రోజులు గదా."

అది రాయమని అన్నారో, ఊరికే అన్నారో నేను అడగలేదు. అప్పటికే నా వేళ్ళు కదులుతున్నాయి. ‘ఊరంతా పిల్లాజెల్లాతో వానలో నిలబడి ఏడుస్తుంటే, తాళం చెవి కొంగున కట్టుకుని టీచరమ్మ పెళ్ళి భోజనానికి పోయింది’ అని కొట్టాను. ఒక్క ఊపిరిలో వచ్చిన వాక్యం. వెనక్కి వాలి చూసుకున్నాను. బాగుందనిపించింది. ఆయనకి చదివి వినిపించినప్పుడు ఆ వాక్యం దాటేశాను. ఊరి పేరుతో సహా పంపేశాను.

మర్నాటికి అంతకుముందు ఎన్నడూ లేనన్ని జవాబులు. రెండో చెవి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ పట్టుకున్నది ఆ పెళ్ళి భోజనాన్నే. ఉద్యోగం పీకెయ్యాలన్నారు. చెప్పుతో కొట్టాలన్నారు. ఆ ఊరు తెలిసిన ఎవరో ఆమె ఎవరి కోడలో రాశారు. ఇంకెవరో ఆమె గురించి ఏ ఆడదాని గురించీ రాయకూడని మాట రాశారు. వారం తిరక్కుండా, కండక్టరు గారు చదవని ఒక పత్రిక జిల్లా పేజీలో చిన్న వార్తగా కూడా వచ్చింది, నా వాక్యం దాదాపు నేను రాసినట్టే. ఆ ముక్క కత్తిరించి నా డిక్షనరీలో దాచుకున్నాను. ఈ సంగతి చెప్పడం నాకు కష్టంగా ఉంది, కానీ దాచుకున్న మాట నిజం.

కండక్టరు గారికి వచ్చిన జవాబుల్లో మర్యాదగా ఉన్నవి మాత్రమే చదివి వినిపించాను. తర్వాత ఆయనే ఒక కబురు తెచ్చారు. పైనుంచి ఎవరో వచ్చి విచారణ చేశారట. టీచరుకి మెమో ఇచ్చారట. ఇకమీదట షెల్టరుకి రెండు తాళం చెవులుండాలనీ, ఒకటి పంచాయతీలో పెట్టాలనీ ఆర్డరు వేశారట.

"చూశావా తల్లీ, అడిగితే పని జరిగింది. ఆ ముసలావిడ కోసమైనా అడగాలి గదా" అన్నారు. ఆయన కళ్ళల్లో నిజమైన సంతోషం చూశాను. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. అదే ఇప్పటికీ నన్ను తికమక పెడుతుంది. ఆయన అడిగిన ప్రశ్న అడగాల్సిన ప్రశ్నే.

ఇంకో పది రోజులకి, మధ్యాహ్నం పూట, ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకాయన లోపలికి వచ్చాడు. ఎండకి కాగిన మొహం. చేతిలో పాలిథిన్ కవరు, అందులో మడిచిన కాగితం. గదిలో ఉన్న ఇద్దరూ లేచి వెళ్ళేదాకా బల్ల మీద కూర్చుని, అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ ఒక పెద్దాయన చెప్తుంటే టైపు కొట్టే అమ్మాయి ఉంటదంటండి. మీరేనాండి?"

"ఎవరు చెప్పారు?"

"బందరులో నెట్ సెంటరాయన చేత ఆ పెద్దాయన రాసినవన్నీ చదివించుకున్నానండి. ఒకదాంట్లో గుడివాడ అమ్మాయి కొట్టి పెడుతుందని ఉంది. పొద్దుట్నుంచి ఇది మూడో సెంటరండి."

నేను తెర వైపు తిరిగాను. "చాలామంది వస్తారండి. నాకు గుర్తుండదు" అన్నాను.

నమ్మాడో లేదో తెలియదు. కవర్లోంచి ఆ పోస్టు ప్రింటు తీయించిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఒక్క లైను కింద పెన్సిలు గీత. "నేను చదువుకోలేదండి. గీత కూడా ఆ సెంటరాయనే గీశాడు. ఆ టీచరు మా ఆవిడండి."

ఆయనే చెప్పుకుపోయాడు.

"తాళం సంగతి ఉండనీండి. మా ఆవిడ చెవి పక్కింటాయనకి ఇచ్చి వెళ్ళింది. గాలి లేస్తందని ఆయన పడవ ఒడ్డుకి లాగడానికి పోయాడు. చెవి తన జేబులోనే ఉందని ఆయనకే గుర్తు లేదు. సర్పంచి గారికో మాట చెప్పి వెళ్ళాల్సింది. అది తప్పేనండి, మా ఆవిడే ఒప్పుకుంటది. ఈ పెళ్ళి ముక్క ఒక్కటి తీసెయ్యమని ఆ పెద్దాయనకి చెప్పండి. చాలు."

"మరి ఎక్కడికెళ్ళారు?" నా నోట్లోంచి వచ్చేసింది.

ఆయన గుమ్మం వైపు చూశాడు. "బందరు ఆస్పత్రిలో ఉన్నామండి, రెండు రోజులు. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఇంతకుముందు రెండుసార్లు ఇట్టాగే అయితే ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. అందుకని ఈసారి మూడో నెల దాకా ఎవరికీ చెప్పుకోలేదు." కాగితం అంచు సరిచేస్తూ, "నిలవలేదండి" అన్నాడు.

మంచినీళ్ళు ఇవ్వబోయాను. వద్దన్నాడు. "ఇప్పుడు పెళ్ళికి పోలేదని చెప్పాలంటే ఎక్కడికి పోయిందో చెప్పాలండి. అది చెప్పనంటంది. ఊళ్ళో పిల్లలు కూడా పెళ్ళి భోజనం టీచరంటన్నారు." కాగితం మళ్ళీ అవే మడతల మీద మడిచి, కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళగానే ఆ పోస్టు తీసెయ్యాలని చూశాను. ఒకసారి పంపింది మార్చే వీలు ఆ వేదికలో లేదు. నడిపేవాళ్ళకి ఉత్తరం రాశాను. మూడో రోజు జవాబు వచ్చింది. అభ్యంతరం వచ్చిన ప్రతిదీ తీసేస్తూ పోతే ఇక్కడ ఎవరూ ఏదీ స్వేచ్ఛగా రాయలేరని, కావాలంటే కింద వివరణ రాసుకోమని మర్యాదగానే చెప్పారు. రెండు నెలల ముందు ఆ గొడవలో, ఎవరినైనా అననివ్వాలన్న అదే వాదన నేను కండక్టరు గారి పేరుతో అందంగా రాసి పంపాను.

కండక్టరు గారు మళ్ళీ వచ్చిన రోజు నేను ముందే చెప్పేశాను, కొంచెం వివరణ ఇవ్వాల్సి ఉందని. ఆస్పత్రి సంగతి కూడా చెప్పాను. ఆయన తెల్లబోయారు.

"పెళ్ళని నేనెప్పుడన్నాను?"

"టీ తాగుతూ అన్నారు బాబాయ్ గారూ."

"చదువు. రాసింది రాసినట్టు చదువు."

మొదటిసారి, తెరమీద ఏముందో అదే చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"నేను పోయుంటది అన్నాను గదమ్మా."

"అవును."

"నువ్వు పోయింది అని కొట్టావు. కొంగున చెవి కూడా నువ్వే కట్టావు." గొంతు పెంచలేదు. తర్వాత అడిగారు: "మిగతావన్నీ కూడా ఇట్టాగేనా?"

తల ఊపాను. ఆయన గొడుగు తీసుకుని లేచారు. వెళ్ళిపోతారనుకున్నాను. గుమ్మం దగ్గర ఆగి, "ఆదివారం ఆ ఊరు వెళ్దాం. పొద్దున బస్టాండుకి రా" అన్నారు.

పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరు చేరేసరికి ఎండెక్కింది. దారిలో ఏ బస్సెక్కినా కండక్టర్లు పలకరిస్తుంటే ఆయన తలాడించి ఊరుకున్నారు. కోడూరు నుంచి ఆటోలో వెళ్ళాం. ఇల్లు అడిగితే, "పెళ్ళి టీచరింటికా?" అని నవ్వుతూ దారి చూపించిందొకావిడ. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టీచరు వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తోంది. సన్నటి మనిషి, నాకంటే ఓ ఆరేళ్ళు పెద్ద. భర్త నన్ను చూసి గుర్తుపట్టాడు, ఏమీ అనలేదు. లోపలికి రమ్మని రెండు కుర్చీలు వేశాడు. కండక్టరు గారు కూర్చోకుండానే చేతులు జోడించారు.

"అమ్మా, ఆ మాట నాదే. చూడకుండా అన్నాను. తప్పు చేశాను."

ఆమె ఆయన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. "మీరు మా బస్సు కండక్టరు గదండీ" అంది. "నేను బందరు కాలేజీకి మీ బస్సులోనే వెళ్ళేదాన్ని. ఇంటరు రెండేళ్ళూ. వాన రోజున బస్సు ఆపి ఎక్కించుకునేవారు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"ఎవరో మొహం తెలియనివాళ్ళు రాశారనుకున్నాను. నన్ను ఎరిగినాయనే ఇంత మాట అన్నారా?" అందామె. ఏడవలేదు. గ్లాసులు కడిగి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నేను గోడ పక్కన కూర్చుని ఉన్నాను. నేను రాశానని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. ఆయన వైపు చూశాను, నా సంగతి చెప్తారేమోనని. ఆయన చెప్పలేదు. మేం వచ్చేసేదాకా ఆమె నన్ను ఆయన కూతురనుకుంది.

తిరుగు ప్రయాణంలో అడిగాను. "నేను రాశానని ఎందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?"

"నా పేరు మీద వెళ్ళిన మాట నాదే. ఎవరు కొట్టారో నాకనవసరం" అన్నారు కిటికీలోంచి చూస్తూ. "నీ సంగతి నువ్వు చూసుకో."

చూసుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. క్షమాపణ అయిపోయింది కదా అనుకున్నాను. ఆమెకి మళ్ళీ గుర్తుచెయ్యడం ఎందుకనుకున్నాను. చివరికి మాస్టారి దగ్గర సెలవడిగి ఒక్కదాన్నే బస్సెక్కాను. వెళ్ళేసరికి అంగన్‌వాడీ నడుస్తోంది. పిల్లలు వరసగా కూర్చుని ఉప్మా తింటున్నారు. ఆమె నన్ను బయటి మెట్ల మీదికి తీసుకొచ్చింది. ఆ ముసలావిడ జారిపడిన మెట్లు అవే అయ్యుండాలి.

"ఆయన పోయుంటుందని ఊరికే అన్నారండి. పోయింది అని రాసింది నేను. కొంగున చెవి, పెళ్ళి భోజనం, అన్నీ నేనే. ఆయనకి చదివి కూడా వినిపించలేదు" అన్నాను. ఒక్కసారిగా చెప్పేసి ఏడ్చాను.

ఆమె నన్ను ఓదార్చలేదు. నేను ఏడుపు ఆపేదాకా ఊరుకుంది.

"మీకు నేనెవరో తెలుసా అప్పటికి?"

"తెలీదండి."

"మరి ఎందుకు రాశారు?"

జవాబు నా దగ్గర ఉంది, కానీ ఆమె మొహంలోకి చూస్తూ చెప్పడానికి సిగ్గేసింది. "చదవడానికి బాగుంటుందని" అన్నాను.

లోపల ఒక పిల్లవాడు ఏడుస్తుంటే ఆమె వెళ్ళి మూతి తుడిచి వచ్చింది. "ఆ పెద్దాయన్ని ఆ రోజు నేను ఒక మాట అన్నాను. అది పడాల్సింది మీరన్నమాట" అంది. "అప్పుడు పక్కనే కూర్చున్నారు గదా?"

"కూర్చున్నాను."

"ఇప్పుడు మీ పేరుతో రాయండి. పెళ్ళికి పోలేదని రాయండి. ఆస్పత్రని మాత్రం రాయొద్దు. అది నాది."

అలాగేనన్నాను. రాశాను. ఆ వేదికలో సొంత పేరుతో నేను రాసిన మొదటి సంగతి అదే. ఆ వాక్యం కండక్టరు గారిది కాదని, నేను కల్పించానని, టీచరు ఏ పెళ్ళికీ వెళ్ళలేదని, చెవి పక్కింటివారికి అప్పజెప్పే వెళ్ళిందని రాశాను. నాలుగంటే నాలుగు జవాబులు వచ్చాయి. ‘మరి ఎక్కడికి వెళ్ళింది?’ అని మూడు. నీకేం ముట్టిందని ఒకటి. నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పకూడదు. చెప్పకపోతే నా మాట ఎవరూ నమ్మరు. ఆమె ఏ ఇరుకులో ఉందో అప్పుడు గానీ నాకు సరిగా అర్థం కాలేదు. పత్రికకి కూడా రాశాను. వాళ్ళు వెయ్యలేదు. పాత పోస్టుని మాత్రం ఆ తర్వాత కూడా ఎవరెవరో ఈమెయిళ్ళలో తిప్పుతూనే ఉన్నారు. ఒకసారి నాకే వచ్చింది, ‘తప్పక చదవండి’ అని.

మాస్టారికి తెలిసి కోప్పడ్డారు. "తప్పు రాశావు సరే, అసలు పేరు పెట్టి ఒప్పుకోవడం ఏంటమ్మా? సెంటరుకి చెడ్డపేరు" అన్నారు. ఇకమీదట ఎవరి తరఫునా ఏదీ కొట్టొద్దన్నారు.

కండక్టరు గారు సంక్రాంతి వెళ్ళేదాకా కనపడలేదు. వచ్చినప్పుడు జేబులోంచి నోటుపుస్తకం కాగితం తీశారు. వంకర అక్షరాలతో ఆయనే రాసుకున్నారు. మాస్టారిని బతిమాలి ఒప్పించి, నాచేతే కొట్టించారు.

"రైట్ రైట్ వద్దు. నా పేరే పెట్టు. ఉన్నది ఉన్నట్టు కొట్టు."

కొట్టాను. ‘అనుకుంటా’లు ఐదున్నాయి, ఐదూ ఉంచాను. రెండుసార్లు చదివించుకున్నారు. రెండోసారి, చదువుతున్నప్పుడు నా వైపు కాకుండా తెర వైపు చూస్తున్నారు, ఆ అక్షరాలు తెలియకపోయినా. అది నన్ను గుచ్చింది. నన్ను మళ్ళీ ఎప్పుడూ తల్లీ అని పిలవలేదు. ‘అమ్మాయ్’ దగ్గరే ఆగిపోయారు. సొంత పేరుతో రాసినవాటికి పెద్దగా జవాబులు వచ్చేవి కాదు. ఆయనకి దాని బాధ ఉన్నట్టు లేదు. నేను ఆ ఊరు వదిలి బందరులో ఒక స్కూల్లో చేరేదాకా, నెలకి ఒకటో రెండో కాగితాలు తెస్తూనే ఉన్నారు.

టీచరు ఉద్యోగం పోలేదు. మెమో దగ్గరే ఆగింది. పెళ్ళి టీచరన్న ఆ పేరు మాత్రం ఊళ్ళో కొన్నాళ్ళు ఉందని వాళ్ళ వైపు నుంచి మా స్కూలుకి వచ్చే ఒకావిడ చెప్పింది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో నేను అడగలేకపోయాను.

మూడేళ్ళ తర్వాత బందరు బస్టాండులో ఆ టీచరు కనిపించింది. అవనిగడ్డ బస్సు కోసం నిలబడి ఉంది, చేతిలో రిజిస్టర్ల సంచి. పక్కన ఎవరూ లేరు. తప్పించుకుందామనిపించింది గానీ అప్పటికే చూసేసింది.

"బాగున్నారా?" అందామె ముందుగా.

"బాగున్నానండి. మీరు?"

"ఉన్నాం." సంచి రెండో చేతిలోకి మార్చుకుని, "ఇంకా రాస్తున్నారా వాటిల్లో?" అని అడిగింది.

"ఎప్పుడన్నా రాస్తున్నానండి. నా పేరుతోనే."

ఆమె మెచ్చుకోలేదు, నొచ్చుకోలేదు. "మా గురించి ఉన్నది ఇంకా అందులో ఉందా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనిపించింది కూడా. "ఉందండి" అన్నాను.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆమె సంచి గుండెకి హత్తుకుని ముందు మెట్టెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికాక నా వైపు ఒకసారి చూసి, తర్వాత ఎదుటి సీటు వైపు తిరిగి కూర్చుంది. బస్సు వెళ్ళిపోయాక కూడా అక్కడే చాలాసేపు ఉండిపోయాను. నేను ఎక్కాల్సిన బస్సు ఏదో కూడా కాసేపు గుర్తు రాలేదు.